పోర్టు స్కాన్ చేసిన అబ్బాయి

నెడ్స్ టికిల్‌లో తలుపు తట్టేవాళ్లు ఇద్దరే. ఒకరు పోలీసు, రెండోవారు చావు కబురు మోసుకొచ్చే పాస్టరుగారు.

మిగతా ఊరంతా వంటింటి తలుపు తోసుకుని లోపలికొస్తుంది. బూట్లు విప్పి, కెటిల్ పొయ్యి మీద పెట్టి, ఆ తర్వాత తీరిగ్గా "ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఇలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి గానీ, ఈ విషయంలో తమంత పట్టుదల ఎవరికీ లేదని నెడ్స్ టికిల్ వాళ్లకి గర్వం.

అందుకే ఆ జూన్ వానలో పార్డీల ఇంటి తలుపు టక్‌టక్‌మనేసరికి ఆంబ్రోస్ పార్డీ చేతిలో టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరు పోయారు?" అన్నాడు కూతురితో.

టెస్సీ గుండె చిక్కబట్టుకుని తలుపు తీసింది. ఎదురుగా పోలీసూ లేడు, పాస్టరూ లేడు. నిలువునా తడిసిన పొడుగాటి కుర్రాడొకడు చంకలో పసుప్పచ్చ పెట్టెతో నిలబడి ఉన్నాడు. జుట్టు లోంచి నీళ్లు ముక్కు మీదికి కారుతున్నాయి.

"క్షమించండి. సోఫీగారి ఇల్లు ఇదేనా? అద్దెకి గది ఉందన్నారు."

"పక్కిల్లు. మీరు తలుపెందుకు తట్టారు?"

"అంటే... లోపల మీరున్నారు కదా."

"ఉన్నాం కాబట్టే తోసుకుని రావాలి. తడితే ఎవరో చచ్చారనుకుంటాం. మా నాన్నని చూడండి, ముఖంలో నెత్తురు చుక్క లేదు."

కుర్రాడు ఆమె భుజం మీదుగా లోపలికి తొంగి చూశాడు. "నమస్కారం సార్. ఎవరూ పోలేదండీ. నేను డెక్లన్ హ్యాలీని. సెయింట్ జాన్స్ నుంచి వచ్చాను."

"పట్నం వాడివా!" అన్నాడు ఆంబ్రోస్, ఆ మాటతో అంతా తేలిపోయినట్టు.

డెక్లన్ కదల్లేదు. కాస్త మొహమాటపడి అడిగాడు. "ఇక్కడ ఇంటర్నెట్ ఉందా అండీ?"

టెస్సీ మెడ నిటారుగా లేచింది. ఉందా అంటాడేమిటి! ఊళ్లో మొదటి కంప్యూటర్ కొన్నది ఆమె, మొదటి కనెక్షన్ తెప్పించింది ఆమె. బడిలో పిల్లలకి ఆమె టీచరమ్మ, బడి అయ్యాక ఊరి కంప్యూటర్లకి డాక్టరమ్మ.

"మా ఇంట్లోది సోఫీ పెద్దమ్మ ఇంటి దాకా అందుతుంది. కావాలంటే ప్రింటర్ కూడా ఉంది, వాడుకోండి. నా కంప్యూటర్‌కే తగిలించాను, అక్కడినుంచే నొక్కితే ఇక్కడ అచ్చవుతుంది."

"చాలా థాంక్స్. పాస్‌వర్డ్ చెప్తారా?"

"దేనికి?"

"ఇంటర్నెట్‌కి."

"ఇంటికే తాళం లేదు, ఇంటర్నెట్‌కెందుకు?" అంది టెస్సీ.

అతను నవ్వాడు. ముక్కు మీది నీటిబొట్టు ఆ నవ్వుకి జారి కింద పడింది. అదేం చూడదగ్గ దృశ్యమని టెస్సీ అంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. తలుపు కాస్త గట్టిగానే వేసేసింది.

*

డెక్లన్ పని రేవు లోతు కొలవడం. ఆ పసుప్పచ్చ పెట్టెని పడవలో పెట్టుకుని రోజంతా రేవులో అటూ ఇటూ తిరుగుతాడు. పెట్టె నీళ్లలోకి శబ్దం పంపుతుంది, అడుగు తగిలి తిరిగొచ్చిన శబ్దాన్ని బట్టి లోతు రాసుకుంటుంది. పడవలు ఆగే పాత వార్ఫు కూలడానికి సిద్ధంగా ఉంది. కొత్తది కట్టాలా వద్దా అన్నది పైవాళ్లు తేలుస్తారు.

ఆంబ్రోస్‌కి కొలిచేవాళ్లంటే గిట్టదు. అతని చిన్నప్పుడు సర్కారు మనుషులు ఇలాగే ఊళ్లోకొచ్చి, అన్నీ కొలిచి, జనాన్ని ఖాళీ చేయించి ఊరినే మూసేశారు. అప్పుడు వాళ్ల నాన్న కొయ్య ఇంటిని పునాదుల మీంచి లేపి, నీళ్ల మీద తేలుస్తూ అఖాతం దాటించి ఇక్కడికి లాక్కొచ్చాడు. ఇప్పుడు వాళ్లు కూర్చుని టీ తాగేది ఆ వంటింట్లోనే.

అయినా పట్నం కుర్రాడు రేవులో బండలకి గుద్దుకుని చస్తాడేమోనని తన పడవలోనే తిప్పడానికి ఒప్పుకున్నాడు. తిప్పేటప్పుడు నోరు కట్టేసుకుంటే ఆంబ్రోస్ ఎందుకవుతాడు?

"అదిగో అది అబద్ధాల బండ. దూరం నుంచి పడవలాగుంటుంది. ఇటుది సోఫీ పన్ను. ఆ మలుపులో నానమ్మ మోకాలు. మీ సర్కారు పటంలో ఉన్నాయా ఇవి?"

"లేవు స్కిప్పర్. అంకెలే ఉన్నాయి."

"అంకెల మీద పడవ పగిలితే ఏమని చెప్పుకుంటాం రా?" అన్నాడు ఆంబ్రోస్, ఎంతో గొప్పగా.

సాయంత్రాలు డెక్లన్ ఏదో వంకన పార్డీల ఇంటికి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ తలుపు తట్టేవాడు.

"మళ్లీ తట్టారా!" అనేది టెస్సీ.

"అమ్మ పెంపకం అండీ. చెయ్యి దానంతటదే లేస్తుంది."

"మా ఊళ్లో అలాంటి చేతులకి తాడు కడతారు."

"కట్టండి మరి," అంటూ రెండు చేతులూ చాపేవాడు. టెస్సీ వాటిలో కడగాల్సిన ప్లేట్లు పెట్టేది.

కిటికీ బయట పొగమంచు రేవుని మింగేసేది. లోపల ఇద్దరూ గిన్నెలు తుడుస్తూ ఒకళ్లనొకళ్లు ఏడిపించుకునేవాళ్లు. అతను తుడిచిన గ్లాసుని ఆమె మళ్లీ తుడిచేది, సరిగ్గా తుడవలేదని. నిజానికి బాగానే తుడిచేవాడు.

"ప్రింటర్ పనిచేస్తోందా?" అని ఒకరోజు అడిగింది.

"ఆ... చేస్తుంది లెండి," అన్నాడు డెక్లన్, చెవి గోక్కుంటూ.

*

ఆదివారం మధ్యాహ్నం ఉప్పుమాంసం, క్యాబేజీ ఉడుకుతున్నాయి. టెస్సీ అమ్మ పోయినప్పటినుంచీ ఆ వంటింటికి పెద్దదిక్కు సోఫీ పెద్దమ్మే. ఆవిడ గరిటె తిప్పుతుండగా మూలనున్న కంప్యూటర్ టింగుమంది. తెర మూలన ఎర్రపెట్టె ఒకటి పైకి లేచింది.

"ఏమంటోందే అది, నా బాతుపిల్లా?" అంది పెద్దమ్మ. ఆవిడకి ఊళ్లో అందరూ బాతుపిల్లలే.

టెస్సీ గట్టిగా చదివింది. "చొరబాటు హెచ్చరిక. పోర్ట్ స్కాన్. దాడి చేసిన కంప్యూటర్..." అక్కడికొచ్చేసరికి ఆమె గొంతు సన్నబడింది. "డెక్లన్-హ్యాలీ."

ఆంబ్రోస్ ఫోర్కు ప్లేటులో పడేశాడు. "పోర్టు స్కానా! మన పోర్టునా!"

"నాన్నా, అది..."

"వాడే చెప్పాడు నాతో! రోజంతా పడవలో కూర్చుని 'స్కాన్ చేస్తున్నా స్కిప్పర్, స్కాన్ చేస్తున్నా' అంటాడు. కంప్యూటర్ కూడా కనిపెట్టేసింది చూడు. ఊరు మూయించడానికే వచ్చాడు!"

కంప్యూటర్‌కి కూడా పోర్టులుంటాయని, అవి రేవులు కాదని టెస్సీ ఎక్కడో విన్నది. విన్నది అంతవరకే. ఆ ఎర్రపెట్టెలో సంగతి తనకి అర్థం కాలేదని ఒప్పుకుంటే ఊరి కంప్యూటర్ డాక్టరమ్మ పరువేం కావాలి? ఇద్దరు పెద్దవాళ్లూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

"రేవు కాదు నాన్నా. ఇంతకన్నా పెద్దది," అంది గడ్డం పైకెత్తి. "నా కంప్యూటర్‌లోకి దొంగతనంగా దూరాలని చూస్తున్నాడు. బ్యాంకు కాగితాలూ పిల్లల మార్కులూ అన్నీ ఇందులోనే ఉన్నాయి."

"నా ఇంట్లో దొంగా!" అని పెద్దమ్మ గరిటె గుండెలకి హత్తుకుంది.

సరిగ్గా అప్పుడే తలుపు టక్‌టక్‌మంది.

డెక్లన్ చేతిలో తోటకూర కట్టలాగా కాడల కట్ట. పెద్దమ్మ పెరట్లోది, తీపి వంటకం చేసుకునే రూబార్బ్. ముఖాన నవ్వు. లోపలివాళ్ల ముఖాలు చూశాక ఆ నవ్వు ఎటు పోవాలో తెలీక పెదవుల మీదే ఆగిపోయింది.

"తలుపు తట్టి మర్యాదలు, వెనకనుంచి చొరబాట్లు," అంది టెస్సీ. "మీ అమ్మ పెంపకం ఇదేనా?"

"ఏం చేశాను?"

"కంప్యూటరే చెబుతోంది, నన్నడుగుతారేం?"

డెక్లన్ తెరవైపు చూడలేదు. ఆమెనే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కంప్యూటర్ చెప్పింది విన్నారు. బాగుంది," అన్నాడు నెమ్మదిగా. "నన్ను ఒక్క మాట అడగొచ్చుగా. రోజూ మీ పక్కనే నిలబడి గిన్నెలు తుడిచాను కదండీ." రూబార్బ్ కట్ట మెట్టు మీద పెట్టాడు. "రేపటితో కొలత అయిపోతుంది. ఎల్లుండి బస్సుకి వెళ్లిపోతాను."

అతను వెళ్లిపోయాక ఎవరూ సరిగా తినలేదు. టెస్సీ మాత్రం నేనే గెలిచానన్నట్టు రెండోసారి క్యాబేజీ వడ్డించుకుంది. దాన్ని ఫోర్కుతో ప్లేటులో అటూ ఇటూ జరిపింది.

*

మర్నాడు బడి నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. తండ్రి చివరి కొలతకి డెక్లన్‌ని తీసుకుని పడవలో వెళ్లాడు. "దొంగైనా సరే, రేవులో మునగనివ్వను," అన్నాడట.

ఎర్రపెట్టెలో అడుగున 'వివరాలు' అని చిన్న అక్షరాలున్నాయి. ఇన్నాళ్లుగా ఊళ్లో ఎందరి కంప్యూటర్లు బాగుచేసిందో, ఆ మాట మీద ఎన్నడూ నొక్కలేదు. పెట్టె రాగానే కొట్టేసి మూసెయ్యడమే ఆమె వైద్యం. ఇప్పుడు నొక్కింది.

'అడ్డుకున్నాం. ఏ హానీ జరగలేదు. తీవ్రత: తక్కువ.'

మొదటి దెబ్బ అక్కడే తగిలింది. ఎర్రపెట్టె కేక పెట్టలేదు, కాపలావాడు పొద్దున్నే వచ్చి 'ఎవరో వచ్చారు, లోపలికి పోనివ్వలేదు' అని చెప్పి పోయాడంతే. చదవకుండానే ఇల్లు తగలబడుతోందని ఆమె అరిచింది.

ఆ కింద చిరునామా. నూట తొంభైరెండుతో మొదలయ్యే అంకెలు. హెల్ప్ పేజీ తెరిచి ఓపిగ్గా చదివింది. అలా మొదలై నూట అరవై ఎనిమిది దగ్గర చుక్క పెట్టుకునే చిరునామాలు బయటి ప్రపంచానివి కావట, ఇంటి కనెక్షన్ లోపలివే. అంటే వచ్చినవాడు గోడ దూకలేదు. ఆమె తాళం లేదని చెప్పి స్వయంగా లోపలికి పిలిచిన మనిషి.

ఆ కింద, అతని కంప్యూటర్ దేనికోసం వెతికిందో. పోర్టులంటే కంప్యూటర్‌కి ఉండే తలుపులట. ఒక్కో పనికి ఒక్కో తలుపు. అతని కంప్యూటర్ ఒకదాని తర్వాత ఒకటి తలుపులన్నీ తట్టి, చివరికి ఒకే తలుపు దగ్గర మళ్లీ మళ్లీ తట్టింది. దాని పేరు 'ప్రింటర్ షేరింగ్'.

టెస్సీ నాలుక కరుచుకుంది.

కావాలంటే ప్రింటర్ వాడుకోండి అన్నది ఎవరు? తనే. ఆ పిచ్చి కుర్రాడు వారమంతా ఆమె మాట నమ్మి ప్రింటర్ తలుపు తడుతూనే ఉన్నాడు. లోపల కాపలావాడు తోసేస్తూనే ఉన్నాడు. ఆఖరికి ఇక్కడ కూడా తట్టడమే చేశాడు, తోసుకుని రాలేదు!

నవ్వొచ్చింది. వెంటనే కళ్లలో నీళ్లొచ్చాయి. అతన్ని ఇష్టపడుతున్నానని ఆ కుర్చీలో, తడి కోటులో, ఇంత బుద్ధి తక్కువ పని చేశాక తెలిసొచ్చింది.

*

వాన పెద్దదైంది. టెస్సీ పెద్దమ్మ గుమ్మం ముందు నిలబడింది. ఆ తలుపుని పాకే వయసు నుంచీ తోసుకునే వెళ్లింది. ఇవాళ చెయ్యెత్తి తట్టింది.

లోపల గిన్నె కింద పడ్డ చప్పుడు. "దేవుడా! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు పెద్దమ్మా. నేనే."

తలుపు తెరుచుకుంది. "నువ్వా! చేతులు పడిపోయాయా, తోసుకుని రాక?"

"నీకోసం కాదు. లోపలున్న ఆయన కోసం తట్టాను."

పెద్దమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. జడలోంచి కారుతున్న వాననీ, ఎత్తి ఉంచడం మరిచిపోయిన గడ్డాన్నీ చూసింది. "నేను కోళ్లని చూసొస్తాను," అంటూ వానలోకి నడిచింది. పెద్దమ్మకి కోళ్లు లేవు.

డెక్లన్ పడవ దిగి వచ్చి పెట్టె సర్దుకుంటున్నాడు. తలెత్తాడు.

"తలుపు తట్టారే," అన్నాడు.

"నిన్న మీ మీదికి తట్టకుండా వచ్చి పడ్డాను. అందుకు." ఊపిరి పీల్చుకుంది. "క్షమించండి" అన్న మాట ఆమె నోటికి అలవాటు లేదు. రెండుసార్లు గొంతు దాకా వచ్చి వెనక్కి పోయి, మూడోసారికి బయటపడింది. "క్షమించు. అలర్ట్‌లో మొదటి ముక్క చదివి నిన్ను దొంగని చేశాను. చివరిదాకా చదవాల్సింది."

"చివర్న ఏముంది?"

"ఏ హానీ జరగలేదని ఉంది. నీ కంప్యూటర్ నా ప్రింటర్ కోసం వెతికింది. నా యాంటీవైరస్ నిన్ను ఎరగదు, అడ్డుకుంది. వారం రోజులు అచ్చు కాకపోతే చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? ఊరి కంప్యూటర్ డాక్టరమ్మతో మీ కంప్యూటర్‌కి జబ్బు చేసిందని!"

"అంత భయమా నేనంటే?"

"భయం కాదు. ఆ ప్రింటర్ గురించి చెప్పేటప్పుడు మీ మెడ అలా లేస్తుంది చూశారా... అది దించబుద్ధి కాలేదు."

టెస్సీ తనంతట తానే మెడ దించి, తడి జడ పిండుకుంది. ఆమె జీవితంలో అలా జరగడం అరుదు.

"ఇందాక నన్ను నువ్వు అన్నారు," అన్నాడు డెక్లన్.

"అనలేదు."

"అన్నారు. నిన్ను దొంగని చేశాను అన్నారు."

"అయితే నువ్వూ అనుకో. ఎవరొద్దన్నారు? ఇంతకీ వారంరోజులుగా ఏం అచ్చెయ్యాలని?"

అతను చెవి గోక్కున్నాడు. "నీ కంప్యూటర్‌కి నన్ను పరిచయం చెయ్యి. చూద్దువుగాని."

*

ఆంబ్రోస్ ఇంటికొచ్చేసరికి వంటింట్లో దొంగ కూర్చుని ఉన్నాడు. కూతురు ఆ దొంగ భుజం పక్కనుంచి వంగి తెరమీద ఏదో నొక్కుతోంది.

"ఏం జరుగుతోందిక్కడ?"

"తప్పు చెప్పాను నాన్నా," అంది టెస్సీ, పొయ్యి దగ్గరున్న పెద్దమ్మ కూడా వినేలా. "నాకు అర్థం కానిది అర్థమైందని చెప్పాను. ఇతను ఏ తప్పూ చెయ్యలేదు. ఇదిగో, 'ఈ కంప్యూటర్‌ని నమ్ముతాను' అని నొక్కుతున్నా."

నొక్కింది. ప్రింటర్ మూలిగింది, దగ్గింది, కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. డెక్లన్ వాటిని ఒకదాని పక్కన ఒకటి బల్ల మీద పరిచి, మూలల్లో టీ కప్పులు పెట్టాడు.

నెడ్స్ టికిల్ రేవు. ప్రతి మలుపూ, ప్రతి లోతూ. అంకెల పక్కన అక్షరాల్లో అబద్ధాల బండ, నానమ్మ మోకాలు, సోఫీ పన్ను.

"నా పన్నేంటి మధ్యలో?" అంది పెద్దమ్మ.

ఆంబ్రోస్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వేలితో ఒక్కో పేరూ తాకుతూ పోయాడు. పాత ఊరు మూసేసినప్పుడు దాని బండల పేర్లు కూడా మునిగిపోయాయి. అవి ఎక్కడా రాసి లేవు.

"మా ఆఫీసుకి పంపేదాంట్లో కూడా ఈ పేర్లు పెట్టాను స్కిప్పర్," అన్నాడు డెక్లన్. "వార్ఫు సంగతి పైవాళ్లు తేలుస్తారు, నా చేతిలో లేదు. లోతు మాత్రం బాగుంది. బాగుందనే రాశాను."

"మా రేవు లోతుకేం?" అన్నాడు ఆంబ్రోస్. ఆ మాట అంటుంటే అతని మెడ కూడా కూతురి మెడలాగే లేచింది. "చూశావా సోఫీ! మన రేవు!" అప్పుడే వేలు ఒక చోట ఆగింది. "ఇదేంటి, 'టెస్సీ కోపం'? ఈ పేరు నేను చెప్పలేదే."

"అది నేను కనిపెట్టిన బండ స్కిప్పర్. పైకి కనపడదు. తెలీక దగ్గరికెళ్తే పడవ పగులుతుంది."

"లోతెంత?" అంది టెస్సీ నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఇంకా తేలలేదు," అన్నాడు డెక్లన్ ఆమె కళ్లలోకి చూస్తూ. "తేల్చుకోవాలంటే మళ్లీ రావాలి. చాలాసార్లు రావాల్సి ఉంటుంది."

పెద్దమ్మ గరిటెతో మూతి దాచుకుంది. ఆంబ్రోస్ కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు, పటాన్ని చూశాడు.

"వస్తే రా," అన్నాడు. "తలుపు మాత్రం తట్టకు. ఈ వయసులో నా గుండె తట్టుకోలేదు."

*

డెక్లన్ పట్నం వెళ్లాక టెస్సీ ఇంటర్నెట్‌కి పాస్‌వర్డ్ పెట్టింది. తాళం పెట్టడమేంటని ఊరంతా మూతి ముడుచుకుంది. పాస్‌వర్డ్ 'ఎవరుపోయారు' అని పెద్దమ్మ ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చాక మూతులు మామూలయ్యాయి. ఇప్పుడు ఎవరింట్లో ఎర్రపెట్టె లేచినా టెస్సీ పక్కన కూర్చుని, చివరి ముక్క దాకా వాళ్లచేతే చదివిస్తోంది. తెలియనిది తెలియదనే చెబుతోంది. దానికి కూడా గర్వమే ఆమెకి.

ఫోన్లో ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్లు. ఎప్పుడొస్తావని ఆమె అడగలేదు, అడిగితే టెస్సీ కాదు.

ఆగస్టులో ఒక వాన సాయంత్రం మూలన కంప్యూటర్ టింగుమంది. తెరమీద లేచిన పెట్టె ఎర్రది కాదు, ఆకుపచ్చది.

'నమ్మకమైన కంప్యూటర్ చేరింది: డెక్లన్-హ్యాలీ.'

అంటే పక్కింట్లోనే ఉన్నాడు. లేచి పరిగెత్తాలని కాళ్లు తొందరపెట్టాయి. పరిగెత్తలేదు. కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతూ, జడ ముందుకేసుకుని, తలుపు వైపు వీపు పెట్టి నిలబడింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. అలవాటుపడ్డ ఆ చెయ్యి పైకి లేచి ఉంటుందని ఆమెకి తెలుసు. ఊపిరి బిగబట్టింది.

తలుపు భళ్లున తెరుచుకుంది. బూట్లు విప్పిన చప్పుడు, కెటిల్ అందుకున్న చప్పుడు, పొయ్యి మీద పెట్టిన చప్పుడు.

"ఎవరైనా ఉన్నారా?" అన్నాడు డెక్లన్.

ముందుగదిలోంచి, పేపర్లోంచి తలెత్తకుండానే ఆంబ్రోస్ కేకేశాడు. "ఎవరే వచ్చింది?"

టెస్సీ వెనక్కి తిరిగింది. వానలో తడిసి, ముక్కు మీంచి నీళ్లు కారుతూ, చేతిలో చిన్న ఉంగరం పెట్టెతో అతను నిలబడి ఉన్నాడు.

"ఎవరూ రాలేదు నాన్నా," అంది. "మన డెక్లనే."